మా తాత, లుటీషియం-177, ఉద్దానం ఇసుక

"సగం పేనమా? అదేటిరా, అలాటిది కూడా ఉంటాదేటి?" అన్నాడు మా తాత.

హాఫ్ లైఫ్ అంటే ఏంటో ఆయనకి చెప్పబోయి "సగం ప్రాణం" అనేశాను. ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియం. ఇంటర్ ఫిజిక్స్‌లో ఆ చాప్టర్ లెక్కలన్నీ చేశాను, మార్కులు కూడా బాగానే వచ్చాయి. కానీ విశాఖపట్నంలో ఒక ఆసుపత్రి వరండాలో తాత పక్కన కూర్చుని, ఆయన ఒంట్లోకి ఎక్కించాలా వద్దా అని డాక్టర్లు ఆలోచిస్తున్న మందు గురించి చెప్పాల్సి వస్తే సరైన మాట ఒక్కటి రాలేదు. దానికి "అర్ధాయువు" అనే మాట ఉందని తర్వాత తెలిసింది. అప్పటికే తాతకి "సగం పేనం" అలవాటైపోయింది. ఆ రోజు ఆయనకి సరిగ్గా చెప్పలేకపోయిందంతా తర్వాత చదివి తెలుసుకున్నాను. అదే ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు, సీఎస్ఈ సెకండియర్. దీన్ని ఎవరూ వైద్య సలహాగా తీసుకోవద్దు.

మాది ఉద్దానం. పలాసలో రైలు దిగి వజ్రపుకొత్తూరు వైపు, సముద్రం దిక్కుగా వెళ్తే వస్తుంది మా ఊరు. ఉద్యానం అనే మాటే ఉద్దానం అయిందంటారు. కొబ్బరి, జీడిమామిడి, పనస. 2018 అక్టోబర్‌లో వచ్చిన తిత్లీ తుఫానుకి తాత తోటలో సగానికి పైగా కొబ్బరి చెట్లు పడిపోయాయి. కొత్త మొక్కలు ఆయనే దగ్గరుండి పాతించాడు. అవి ఎదుగుతుండగానే ఆయనకి ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలింది. అప్పటికే ఎముకలకి పాకింది. హార్మోన్ ఇంజెక్షన్లు రెండేళ్ళు పనిచేశాయి. తర్వాత మాత్రలు, ఆ తర్వాత కీమో. మొన్న సంక్రాంతికి ముందు పీఎస్ఏ మళ్ళీ పెరగడం మొదలైంది. కొత్త స్కాన్‌లో ఎముకలతో పాటు కాలేయంలో కూడా ఒక మచ్చ కనిపించింది.

"లుటీషియం థెరపీ అని ఒకటుంది, ఆలోచిద్దాం" అన్నారు డాక్టరుగారు. ఆ మాటకి నాన్న కుర్చీలో ముందుకి జరిగాడు. డాక్టరుగారు ఫైల్లో ఇంకో కాగితం తిప్పారు. క్రియాటినిన్ 2.6.

"మీది ఏ ఊరన్నారు?"

చెప్పాం. ఆయన పెన్ను బల్ల మీద పెట్టేశారు.

మా వైపు వాళ్ళకి ఆ పెన్ను ఎందుకు పెట్టేశారో ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ లుటీషియానికీ కిడ్నీకీ సంబంధం ఏంటో ఆ రోజు మాకెవరికీ తెలీదు.

ముందు మందు సంగతి. ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల పైన పీఎస్ఎంఏ అనే ప్రోటీన్ చాలా ఎక్కువగా ఉంటుంది. దాన్ని వెతుక్కుంటూ వెళ్ళి అతుక్కునే చిన్న అణువు ఒకటి తయారుచేశారు. దాని చివర డోటా అనే పంజరం లాంటి నిర్మాణం ఉంటుంది. ఆ పంజరంలో ఒక లుటీషియం-177 పరమాణువుని కూర్చోబెడతారు. సెలైన్ లాగా నరంలోకి ఎక్కిస్తారు. అది ఒళ్ళంతా తిరిగి క్యాన్సర్ ఉన్నచోట ఆగుతుంది. అక్కడ లుటీషియం విరిగి బీటా కణాన్ని వదుల్తుంది. ఆ బీటా కణం మహా అయితే రెండు మిల్లీమీటర్ల దూరం వెళ్తుంది, ఆ దారిలో తగిలిన కణాల డీఎన్ఏని దెబ్బతీస్తుంది. లుటీషియం-177 అర్ధాయువు 6.65 రోజులు. అంటే సుమారు ఏడు రోజులకి సగం, ఇంకో ఏడు రోజులకి అందులో సగం.

తాతకి నేను జీడిపిక్క పోలిక చెప్పాను. "పిక్క తొక్కలో జీడి ఉంటుంది కదా తాతా, చేతికి తగిలితే కాలిపోతుంది. తొక్కలో ఉన్నంతసేపు మనకేం కాదు. ఈ మందు కూడా పంజరంలో కూర్చుని క్యాన్సర్ దగ్గరకెళ్ళి కాలుస్తుంది" అని.

తాత కాసేపు ఆలోచించాడు. "మరి దారిలో కాలదేటి?" అన్నాడు.

నా పోలికలో తప్పు అక్కడే ఉంది. ఆ పంజరం లోహాన్ని పట్టుకోగలదు గానీ రేడియేషన్‌ని ఆపలేదు. అది వెళ్ళే దారంతా కాలుతూనే వెళ్తుంది. క్యాన్సర్‌కి అతుక్కోని మందంతా ఒంట్లోంచి బయటికి పోవాలి, పోయేది మూత్రంలోనే. అంటే కిడ్నీల గుండా. పైగా పీఎస్ఎంఏ కిడ్నీలోని సన్నటి గొట్టాల మీద కూడా ఉంటుంది, లాలాజల గ్రంథుల్లో కూడా మందు చేరుతుంది. పేషెంటు లెక్కన చూస్తే క్యాన్సర్ తర్వాత ఈ మందు ఎక్కువగా తాకే అవయవాల్లో కిడ్నీ ఒకటి. నడవలేని తాత, పదో క్లాసు దాటని తాత, ఒక్క ప్రశ్నలో ఈ రంగం మొత్తాన్ని ఇబ్బంది పెడుతున్న చోటుకి వచ్చేశాడు.

రేడియోధార్మిక లోహాల్ని మందుగా వాడటం కొత్తేమీ కాదు. థైరాయిడ్‌కి వాడే అయోడిన్-131 ఎనభై ఏళ్ళ నాటిది, కానీ అది లోహం కాదు. లోహాల్లో ముందుగా ఎముకల నొప్పికి స్ట్రాన్షియం-89, సమేరియం-153 వచ్చాయి. అవి నొప్పి తగ్గించేవి, ఆయుష్షు పెంచినట్టు తేలలేదు. 2013లో రేడియం-223కి అమెరికాలో అనుమతి వచ్చింది. రేడియం మన ఒంట్లో కాల్షియంలా నటిస్తుంది, అందుకే ఎముకల్లో క్యాన్సర్ ఉన్నచోటికి తనే వెళ్ళిపోతుంది. అది ఎక్కువగా పేగుల ద్వారా బయటికి పోతుంది, కిడ్నీల మీద భారం తక్కువ. ఈ లైను చదివినప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో. కానీ రేడియం ఎముకలకే పనిచేస్తుంది. కాలేయంలో మచ్చ ఉన్నవాళ్ళకి కాదు. రెండు నిమిషాల్లో ఆ సంతోషం అయిపోయింది.

లుటీషియం కథ ఆ తర్వాతది. 2018 జనవరిలో పేగు, క్లోమం దగ్గర వచ్చే ఒక రకం కణితులకి, 2022 మార్చిలో ప్రోస్టేట్ క్యాన్సర్‌కి అమెరికాలో అనుమతులు వచ్చాయి. ప్రోస్టేట్ అనుమతికి ఆధారం విజన్ అనే ట్రయల్. 831 మంది. మామూలు చికిత్స ఒక్కటే తీసుకున్నవాళ్ళ మధ్యస్థ ఆయుర్దాయం 11.3 నెలలు, లుటీషియం కూడా తీసుకున్నవాళ్ళది 15.3 నెలలు. నాలుగు నెలలే కదా అని బయట ఎవరికైనా అనిపించవచ్చు. మా ఇంట్లో ఎవరికీ అనిపించలేదు. నాలుగు నెలలంటే పనసకాయల సీజన్ ఇంకోటి చూడొచ్చు.

మనదేశం ఇందులో వెనకబడి లేదు. ముంబై ట్రాంబేలో ధ్రువ రియాక్టర్‌లో భాభా అణు పరిశోధన కేంద్రం వాళ్ళు లుటీషియం-177 తయారుచేస్తారు. అమెరికాలో అనుమతి రాకముందు నుంచే మన దగ్గర కొన్ని ఆసుపత్రుల్లో ఈ చికిత్స ఇచ్చారు. అక్కడ ఒక డోసు 40 వేల డాలర్ల పైన. ఇక్కడ దానిలో చిన్న భాగం. అయినా మాకు లక్షలే.

డాక్టరుగారు పెన్ను పెట్టేసిన చోటికి మళ్ళీ వద్దాం.

ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి పేపర్లో మీరు చదివే ఉంటారు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. ఈ మండలాల్లో షుగరు, బీపీ లేనివాళ్ళకి కూడా కిడ్నీలు పాడైపోతాయి. చివరిదాకా పెద్దగా ఏమీ తెలీదు. కొంచెం నీరసం, ఆకలి లేకపోవడం. టెస్టు చేయిస్తే సగం పైగా పోయి ఉంటాయి. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో, మధ్య అమెరికాలో చెరుకు కోసేవాళ్ళలో ఇలాంటిదే ఉంది. నీళ్ళా, నీళ్ళలో సిలికానా, భార లోహాలా, ఎండలో పని చేసి ఒంట్లో నీరు పోవడమా, పురుగు మందులా, నొప్పి మాత్రలా? అన్నిటినీ అనుమానించారు, దేన్నీ ఖాయం చెయ్యలేదు. 2023 డిసెంబర్ 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి, హిరమండలం నుంచి మంచినీళ్ళ పథకం కూడా అదే రోజు మొదలైంది. మా ఊళ్ళో పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు కూడా క్రియాటినిన్ ఎంతని అడిగేవాళ్ళున్నారు. మా చిన్న తాత, అంటే తాత తమ్ముడు, నాలుగేళ్ళు వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్ళి, చివరికి ఓ రోజు ఇక వెళ్ళనన్నాడు.

71 ఏళ్ళ మనిషికి క్రియాటినిన్ 2.6 అంటే కిడ్నీ వడపోత లెక్కలో దాదాపు 25 వస్తుంది. ఆరోగ్యంగా ఉంటే 90 దాటాలి. ఆ ప్రోస్టేట్ మందుతో వచ్చే సమాచార పత్రంలో స్పష్టంగా రాసి ఉంటుంది: 30 కంటే తక్కువ ఉన్నవాళ్ళలో ఈ మందుని పరీక్షించలేదు. హాని చేస్తుందని తేలింది అని కాదు, పరీక్షించలేదు అని. కొన్ని ఆసుపత్రులు కిడ్నీ బాగోలేని కొద్దిమందికి జాగ్రత్తగా ఇచ్చి, ఏమైందో చిన్న రిపోర్టులు రాశాయి. అంతవరకే.

ఆ సెలవుల్లో అమ్మమ్మ వాళ్ళింటికి టెక్కలి వెళ్ళినప్పుడు మా బావ బండి మీద నౌపడ ఉప్పు మడుల పక్క నుంచి భావనపాడు బీచ్‌కి వెళ్ళాం. ఇలా ఎందుకు తిరుగుతున్నానని మీరనుకోవచ్చు. రేడియోధార్మిక లోహాల గురించి ఏది చదివినా థోరియం దగ్గరికి, థోరియం నుంచి మోనజైట్ అనే ఖనిజం దగ్గరికి, మోనజైట్ నుంచి మా శ్రీకాకుళం తీరం దగ్గరికి వచ్చి ఆగుతున్నాను. దేశంలో అన్ని రాష్ట్రాల కంటే ఎక్కువ మోనజైట్ ఆంధ్రప్రదేశ్ తీరంలో ఉందని అణు ఖనిజాల డైరెక్టరేట్ లెక్క. 37 లక్షల టన్నుల పైన. భావనపాడు తీరం వాళ్ళు గుర్తించిన చోట్లలో ఒకటి.

అల వెనక్కి వెళ్ళాక ఇసుక మీద నల్లటి చారలు మిగుల్తాయి. చిన్నప్పుడు మురికి అనుకునేవాణ్ణి. పాత హార్డ్ డిస్క్ విప్పి తీసిన అయస్కాంతం ఒకటి జేబులో ఉంది. ఆ చార మీద తిప్పితే నల్ల రేణువులు మీసాల్లా అంటుకున్నాయి. అవి ఎక్కువగా ఇల్మనైట్. మోనజైట్ పసుపూ గోధుమా కలిసిన రంగులో చాలా కొద్దిగా ఉంటుంది, కంటితో నేను పట్టలేకపోయాను. తమాషా ఏంటంటే, నా చేతిలో ఉన్న ఆ అయస్కాంతంలోని నియోడిమియం కూడా మోనజైట్ లాంటి ఖనిజాల నుంచే వస్తుంది.

ఇంటికెళ్ళి తాతకి చెప్పాను. ఇక్కడ నుంచి ఆయనకి హుషారొచ్చింది. పాత రోజుల్లో పెళ్ళిళ్ళకి, భాగోతాలకి పెట్రోమాక్స్ లైట్లు అద్దెకి తెచ్చేవారట. దాంట్లో వెలిగే తెల్ల సంచిని, అదే మేంటిల్‌ని, తనే కట్టేవాడట. ఆ సంచి వెలుగు థోరియానిదే. థోరియం ఆక్సైడ్, దాంట్లో ఒక శాతం సీరియం. 1909లో షాంబెర్గ్ అనే జర్మన్ రసాయనవేత్త తిరువాన్కూరు మోనజైట్‌ని కనుక్కున్నది కూడా ఈ మేంటిళ్ళ కోసమే. మన దేశం నుంచి వెళ్ళిన కొబ్బరి పీచుకి అంటుకున్న ఇసుకలో పసుపు రేణువులు చూసి, అవి ఎక్కడివో వెతుక్కుంటూ వచ్చాడంటారు. "కొబ్బరి పీచు పట్టుకునా!" అని తాత తెగ మురిసిపోయాడు. జీవితమంతా ఆ పీచు వలిచినవాడు కదా.

తర్వాత అడగాల్సిందే అడిగాడు. "మరి ఆ ఇసక వల్లేనేటిరా మన కిడ్నీలు పోతన్నాయి?"

మా ఊళ్ళో ఈ మాట చాలామంది అంటారు. నాకు తెలిసినంతవరకు దానికి రుజువు లేదు. కేరళలో కరునాగపల్లి తీరంలో ఇసుకలో థోరియం ఎక్కువ, రేడియేషన్ కూడా చాలా ఎక్కువ. అక్కడ వేలమందిని ఏళ్ళ తరబడి గమనించినా దానివల్ల క్యాన్సర్ పెరిగినట్టు కనపడలేదు. ఇసుకలో ఉన్నంత మాత్రాన జబ్బూ కాదు, మందూ కాదు.

మందు ఎప్పుడవుతుందంటే, చాలా రసాయన శాస్త్రం తర్వాత. థోరియం-232 అర్ధాయువు 1400 కోట్ల సంవత్సరాలు, విశ్వం వయసు కంటే కొంచెం ఎక్కువే. అది మెల్లగా విరుగుతూ రేడియం అవుతుంది, మళ్ళీ థోరియం-228 అవుతుంది, అది ఇంకో రేడియం, చివర్లో సీసం-212. దీని అర్ధాయువు 10.6 గంటలే. అది బిస్మత్-212గా మారి, అక్కడి నుంచి ఆల్ఫా కణం వస్తుంది. ఆల్ఫా కణం బీటా కంటే చాలా బరువైంది. వెంట్రుక మందం దూరంలోనే ఆగిపోతుంది, కానీ తగిలిన డీఎన్ఏ రెండు పోగులూ తెగేలా కొడుతుంది. ఫ్రాన్స్‌లో ఓరానో మెడ్ అనే సంస్థ పాత థోరియం నిల్వల నుంచి ఈ సీసం-212ని తీసి మందు తయారుచేస్తోంది. 2024 ఫిబ్రవరిలో అమెరికా ఔషధ సంస్థ దానికి బ్రేక్‌త్రూ గుర్తింపు ఇచ్చింది. పూర్తి అనుమతి కాదు, పరీక్షలు త్వరగా సాగడానికి ఇచ్చే గుర్తింపు. అంటే తాత వెలిగించిన మేంటిల్‌లో ఉన్న లోహమే ఇప్పుడు క్యాన్సర్ మందుకి ముడిసరుకు.

ఇప్పుడు పరిశోధన ఎక్కువగా ఈ ఆల్ఫా లోహాల వైపే పరిగెడుతోంది. అందరూ మాట్లాడేది ఆక్టినియం-225 గురించి. అర్ధాయువు 9.9 రోజులు, ఒక్క పరమాణువు నుంచి వరసగా నాలుగు ఆల్ఫాలు. లుటీషియం పనిచెయ్యని కొందరిలో కూడా ఇది పనిచేసింది, మన దేశంలో ఢిల్లీ ఎయిమ్స్ వాళ్ళు దీని మీద చాలా పని చేశారు. చిక్కు ఏంటంటే అది దొరకదు. చాలా ఏళ్ళు ప్రపంచం వాడుకున్నదంతా దాదాపుగా పాత యురేనియం-233 నిల్వల నుంచి వచ్చిందే, ఆ యురేనియం-233 కూడా ఒకప్పుడు థోరియం నుంచి తయారైందే. ఇప్పుడు సైక్లోట్రాన్లతో, యాక్సిలరేటర్లతో కొత్త దారులు వెతుకుతున్నారు. ఇంకోవైపు టెర్బియం-161 ఉంది. లుటీషియానికి చుట్టం లాంటిది, బీటాతో పాటు అతి కొద్ది దూరం వెళ్ళే ఎలక్ట్రాన్లు కూడా ఇస్తుంది. దాన్ని మెల్‌బోర్న్‌లో పేషెంట్ల మీద పరీక్షించారు.

వీటిలో కిడ్నీ మాట ఎక్కడుందా అని వెతికాను. ఆల్ఫా వస్తే కిడ్నీ బాధ తీరుతుందనుకుంటే పొరపాటే. ఆల్ఫా వదిలిన ఊపుకి పరమాణువు పంజరంలోంచి ఊడిపోతుంది. ఆక్టినియం నుంచి అలా ఊడిన బిస్మత్-213 వెళ్ళి చేరేది కిడ్నీలోనే. అయితే కిడ్నీని కాపాడే పని కూడా జరుగుతోంది. లుటీషియం డోటాటేట్ ఇచ్చేటప్పుడు లైసిన్, ఆర్జినిన్ అనే అమినో ఆమ్లాలు సెలైన్‌లో ఎక్కిస్తారు, మందు కిడ్నీలో తిష్ఠ వెయ్యకుండా. జపాన్‌లో చిబా యూనివర్సిటీ వాళ్ళు కిడ్నీ చేరగానే తెగిపోయి, లోహం మూత్రంలో పోయేలా చేసే అతుకులు తయారుచేశారు. స్వీడన్‌లో ఒక ట్రయల్‌లో అందరికీ ఒకే లెక్క కాకుండా, ప్రతి మనిషి కిడ్నీకి ఎంత రేడియేషన్ తగిలిందో కొలిచి, దాన్ని బట్టి ఎన్ని డోసులివ్వాలో నిర్ణయించారు. అలా కొలవడం ఎలా కుదిరిందంటే, లుటీషియం బీటాతో పాటు కొంచెం గామా కూడా ఇస్తుంది. ఆ గామాని కెమెరా ఫొటో తీస్తుంది.

ఈ చివరిది నాకు తెలిసిన భాషలో ఉంది. ఫొటోలు, టైము, గీత, ఆ గీత కింద వైశాల్యం. ఆ రాత్రి పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాశాను. కిడ్నీలో చేరిన మందు రెండు రకాలుగా తగ్గుతుంది. ఒకటి లోహం విరగడం వల్ల, ఇంకోటి మూత్రంలో పోవడం వల్ల. చిల్లుపడ్డ కుండలో నీళ్ళు ఎండకి కొంత, చిల్లు నుంచి కొంత పోయినట్టు. లుటీషియం సగం అవడానికి 160 గంటలు. మంచి కిడ్నీ 50 గంటల్లో సగం బయటికి పంపుతుందని అనుకుంటే, రెండూ కలిపి 38 గంటలకి సగం. పాడైన కిడ్నీకి 100 గంటలు పడుతుందనుకుంటే, 62 గంటలు. అంటే అదే డోసుకి కిడ్నీకి తగిలేది ఒకటిన్నర రెట్ల పైన. ఈ 50, 100 నేను ఊహించి వేసిన అంకెలు. అయినా గీత అందంగా వచ్చింది, ఎరుపూ నీలమూ. డోసు తగ్గిస్తే ఎర్ర గీత నీలం గీత కిందకి వచ్చేస్తుంది. ఇంకేముంది, దారి దొరికేసింది అనుకున్నాను.

మర్నాడు ఆసుపత్రిలో ముగ్గురు డాక్టర్లు కలిసి మాట్లాడారు. తర్వాత మమ్మల్ని పిలిచి ఏదీ దాచకుండా చెప్పారు. తగ్గించిన డోసు ఇవ్వచ్చు, క్యాన్సర్ మీద ఎంత పనిచేస్తుందో చెప్పలేం. కిడ్నీలు పూర్తిగా పోయి డయాలసిస్ మొదలవ్వచ్చు, అది ఎంతవరకు అన్నది కూడా అంకె చెప్పలేం. చిన్నాన్న ఇప్పించేద్దాం అన్నాడు. నాన్న ఏమీ అనలేకపోయాడు. నేను ల్యాప్‌టాప్ తెరిచి తాతకి గీతలు చూపించాను. డోసు ఇంత తగ్గిస్తే ఇలా వస్తుంది తాతా, అని.

తాత కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఈ గీతల్లో నానున్నానేటిరా?"

"అంటే... నీలాంటి వాళ్ళకి ఇలా ఉండొచ్చని..."

"నాలాటోళ్ళకి ఇచ్చి సూసినారా?"

"చూడలేదు తాతా."

"మరి ఇదెవుడిది?"

ఎరుపు గీత ఎవడిదీ కాదు. నేను గీసింది. మెషీన్ లెర్నింగ్ క్లాసులో మొదటి వారమే చెప్తారు, ట్రైనింగ్ డేటాలో లేని దాని గురించి మోడల్ ఎంత ధీమాగా చెప్పినా నమ్మొద్దని. పరీక్షలో ఆ పాయింటు రాసి రెండు మార్కులు తెచ్చుకున్నాను. ఆ పాయింటు కళ్ళజోడు పెట్టుకుని నా ఎదురుగా కూర్చుంటుందని మాత్రం అనుకోలేదు. ట్రయల్స్‌లో కిడ్నీ బాగోలేనివాళ్ళని పక్కన పెట్టడానికి కారణం ఉంది, వాళ్ళకి హాని జరగకూడదనే. కానీ ఒక ప్రాంతానికి ప్రాంతమే అలాంటి కిడ్నీలతో ఉంటే, ఆ ప్రాంతం మొత్తం ఆ పట్టికల బయట ఉండిపోతుంది. ఇసుకలో ఆ లోహాలున్న తీరానికీ, ఆ లోహాలతో చేసిన మందుకీ మధ్య అడ్డం పడింది డబ్బు ఒక్కటే కాదు, ఈ లేని అంకెలు కూడా.

తాత ఒప్పుకోలేదు. "తమ్ముణ్ణి సూసినాను. ఆ మంచం నాకొద్దు" అన్నాడు. చిన్నాన్న బయటికెళ్ళిపోయాడు. నాకూ కోపం వచ్చింది, నా గీత మీద వచ్చిందో తాత మీద వచ్చిందో తెలీదు.

చివరికి చేసింది చాలా పాత పద్ధతి. తుంటి ఎముక దగ్గర నొప్పికి బయట నుంచి రేడియేషన్, ఒక్కసారి, 8 గ్రే. కోబాల్ట్ మెషీన్ మీద. కోబాల్ట్-60 కూడా రేడియోధార్మిక లోహమే, అర్ధాయువు 5.27 ఏళ్ళు. క్యాన్సర్ చికిత్సకి 1951లో కెనడాలో మొదలైంది. దీని మీద పెద్ద వార్తలేమీ రావు. కిడ్నీతో పని లేదు, లోహం మెషీన్లోనే ఉంటుంది, వెలుగు మాత్రమే లోపలికి వస్తుంది. కొద్ది నిమిషాల్లో అయిపోయింది. మూడో వారానికి తాత రాత్రుళ్ళు నిద్రపోతున్నాడని మామ్మ ఫోన్‌లో చెప్పింది. పీఎస్ఏ పెరుగుతూనే ఉంది. అది కూడా చెప్పాలి.

ఆ రోజు ఆసుపత్రి నుంచి వచ్చేముందు తాత డాక్టరుగారి దగ్గర ఆగి ఒక మాట అన్నాడు. "బాబూ, మా ఊరోళ్ళు ఎవులైనా ఆ మందు యేసుకుంటే ఏటైందో రాసి ఉంచండి. నా అంకెలు కూడా రాసుకోండి, యేసుకోనేదని." డాక్టరుగారు నవ్వలేదు. ఫైల్లో ఏదో రాసుకున్నారు.

ఈ సెమ్‌లో మా మినీ ప్రాజెక్టుకి నేను స్కాన్ ఫొటోల్లో కిడ్నీ అంచులు గుర్తించే టాపిక్ పెట్టాను. ఆన్‌లైన్‌లో అందరికీ అందుబాటులో ఉన్న సీటీ స్కాన్లతో మొదలుపెట్టాం. మా మోడల్ మంచి కిడ్నీల మీద బాగానే చేస్తోంది. కుంచించుకుపోయిన కిడ్నీ వస్తే అంచు తప్పుతోంది. అలాంటివి మా డేటాలో చాలా తక్కువ. మా టీమ్‌మేట్ వాటిని అవుట్‌లయర్లని తీసేద్దాం, యాక్యురసీ పెరుగుతుంది అన్నాడు.

వద్దన్నాను. ఎందుకో వాడికి చెప్పడానికి అరగంట పట్టింది.